మొక్కజొన్న రొట్టెకి ఇంగువ పోపు

నేను ఏడో తరగతిలో చదువు ఆపేశానని మా వాళ్ళు మర్యాద కొద్దీ చెబుతారు. నిజానికి చదువే నన్ను ఆపేసింది. ఇంగ్లీషు పరీక్షలో నేను రాసిన కాగితం పట్టుకుని మాస్టారు "ఒరే, ఇది ఏ భాషరా?" అని అడిగారు. వెక్కిరింత కాదు, పాపం, ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఆ వారంలోనే నేను బరంపురం బడా బజార్లో మా నాన్న కిరాణా కొట్లో కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఇంగ్లీషు మాత్రం నన్ను వదలకుండా సరుకుల అట్టల మీదెక్కి కొట్లోకి వస్తూనే ఉంది. అందులో నాకు బాగా పట్టుబడిన మాట ఒకటే, ఫ్రీ. సబ్బుల కట్ట మీద ఉంటే సబ్బుపెట్టె వస్తుంది. టీపొడి మీద ఉంటే చెంచా వస్తుంది.

అందుకే ఆ రోజు సూపర్ బజారులో 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉన్న మొక్కజొన్న రొట్టె పిండి పెట్టె దొరగ్గానే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గలగలమనలేదు. పెట్టె చుట్టూ చూశాను, టేపు వేసి ఏదీ అంటించలేదు. వాళ్ళే నొక్కేశారని నాకు రూఢి అయిపోయింది. ఈ వ్యాపారంలో నాకు తెలీని విద్యా?

కౌంటరు దగ్గర పిల్లని అడిగాను. "ఏటమ్మా, దీంతో రావలసిన గ్లూటెన్ ఏదీ?"

ఆ పిల్ల ఒకసారి పెట్టె చూసింది, ఒకసారి నన్ను చూసింది. "రాదు మౌసా. అది ఇందులో లేదని రాశారు," అంది ఒడియాలో, బాబాయి వరస కలిపి.

"లేనిదాన్ని రాయడం ఎందుకు?"

"లేదని తెలియడానికి."

నేను నోరు మూసుకుంటే బాగుండేది. "నాకూ కొట్టుందమ్మా. అందులో లేనివన్నీ రాయాలంటే బోర్డు భంజనగర్ దాకా ఎల్తాది," అన్నాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూస్తే రిటైరైన లెక్కల మాస్టారు. మా కొట్టుకి ఏళ్ళనాటి బేరం. కందిపప్పు దగ్గర్నుంచి కర్పూరం దాకా మా దగ్గరే కొంటాడని నేను ఊరంతా చెప్పుకునే మనిషి. ఆయన చేతిలో బుట్ట, నా చేతిలో బుట్ట.

"ఏటి సావుకారూ, ఇలగొచ్చినారు?" అన్నాడు.

"ధరలు సూసి పోదామని."

"బుట్టట్టుకుని సూస్తారేటి ధరలు?"

ఆయన బుట్టలో ఏముందో నేను అడగలేదు. నా బుట్ట సంగతి ఆయన ఇంక అడగలేదు. ఒకరి పరువు ఒకరం కాపాడుకుని బయటపడ్డాం.

కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు సూపర్ బజారుకి ఎందుకు వెళ్ళాడంటే, మా ఆవిడ కోసం. ఆవిడకి గోధుమ పడదని తేలి అప్పటికి ఏడు నెలలు. ఎన్నాళ్ళనుంచో తిన్నది ఒంటపట్టక, కడుపు ఉబ్బి, నీరసపడి తిరుగుతుంటే పరీక్షలు చేయించి డాక్టరు ఆ మాట చెప్పాడు. చపాతీ, పూరీ, ఉప్మా, బిస్కట్లు, బ్రెడ్డు, ఏవీ జన్మలో ముట్టుకోకూడదన్నాడు. అన్నం తినే జాతికి ఇదేం కష్టం అనుకున్నాను. కానీ బరంపురంలో పొద్దున్న పూరీ ఉప్మా లేకుండా వీధి మొదలవదు. మా ఆవిడకి పైగా సాయంత్రం టీలో రస్కు ముంచుకోవడం ఇష్టం. ఆ ఏడు నెలలూ ఆవిడ ఉత్త టీ తాగింది. గ్లాసు పక్కన చెయ్యి మాత్రం అలవాటుగా పళ్ళెం కోసం వెతికేది.

ఇంత మానేసినా కడుపు కుదుటపడలేదు. నొప్పి వచ్చేది, పోయేది. చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

మొన్న ఆశ్వయుజంలో మళ్ళీ రక్తం పరీక్ష చేయించాం. డాక్టరు కాగితం చూసి పెదవి విరిచాడు. ఆయన ఒడియా మనిషి. ఆయన ఒడియాలో అడుగుతాడు, మేం తెలుగులో చెబుతాం, మా ఊళ్ళో ఎవరికీ అది వింతగా తోచదు.

"గోధుమ ఎక్కడ్నుంచో లోపలికి పోతోంది మౌసీ," అన్నాడు.

"ఎక్కడ్నుంచీ నేదు డాక్టరు బాబూ. ముట్టుకోడం కూడా నేదు," అంది ఆవిడ.

"కొంచెం కూడానా? ఎప్పుడైనా ఒక బిస్కట్టు?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఊరుకోవలసిన చోట ఊరుకోవడం నాకు ఏ తరగతిలోనూ నేర్పలేదు. "మా ఇంట్లో ఎలకలు సదువుకున్నవి డాక్టరు బాబూ. డబ్బా మూత తీసి బిస్కట్లు తినీసి, మళ్ళీ మూత బిగించీసి ఎలిపోతాయి," అన్నాను.

డాక్టరు నవ్వాడు. మందులిచ్చే కుర్రాడు నవ్వాడు. బెంచీ మీద కూర్చున్న జ్వరం మనిషి కూడా నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. గోసాని నువాగాంలో మా ఇంటి దాకా ఆటోలో అటు పక్కకే చూస్తూ కూర్చుంది. గుమ్మం ఎక్కాక చెప్పులు విప్పుతూ అడిగింది.

"నాను తింటన్నానని నిజింగా అనుకుంటన్నారా, నవ్వించడానికి అన్నారా?"

"రెండూను," అన్నాను.

"సరే. నా మాట నమ్మితే నమ్మండి, నేకపోతే మానీయండి. నలుగుర్లో నన్ను దొంగని మాత్రం సెయ్యకండి."

ఆ మాట నాకు గుచ్చుకోవలసింది. గుచ్చుకోలేదు. మర్నాడు ఇంట్లో నేను తినే బిస్కట్ల డబ్బాకీ మూతకీ కలిపి సన్నటి నల్లదారం చుట్టాను. ఎవరు తెరిచినా తెగుతుంది, నాకు తెలిసిపోతుంది అని. మూడో రోజు పొద్దున్న నేను కొట్టుకి బయల్దేరుతుంటే ఆవిడ ఎదురొచ్చింది.

"మీ దారం వొదులైపోయింది. ఓపాలి సూసుకుని మళ్ళీ కట్టుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

డబ్బా దగ్గరికి వెళ్ళి చూశాను. దారం తెగలేదు, వదులయింది అంతే. ఆ రోజు కొట్లో నా మనసు నిలవలేదు. తినకపోతే నొప్పి ఎందుకొస్తోంది? తింటే దారం తెగాలి కదా? నాకు తేలలేదు. తేలనప్పుడు నేను చేసే పని ఏదో ఒకటి కొనడం. డాక్టరు ఒక చీటీ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అన్న రెండు ముక్కలు రాసి, అవి ఉన్న పెట్టెలు ఏవైనా కొనుక్కోవచ్చని చెప్పాడు. ఆ చీటీ పట్టుకుని వెళ్ళే సూపర్ బజారులో పెట్టె ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి పెట్టె ఆవిడ ముందు పెట్టాను. "ఇదిగో. ఇంక దొంగతనంగా తినక్కర్నేదు. దొరతనంగా తిను."

"దొంగని అన్నీసినారు కదా. ఇంక దొరనైనా ఒకటే," అంది. కానీ పెట్టె చేతిలోకి తీసుకుంది. అట్ట మీద బంగారు రంగు రొట్టె బొమ్మ, దాని మీద కరుగుతున్న వెన్న. ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. రస్కు పోయాక ఏడు నెలల్లో టీ గ్లాసు పక్కన పెట్టుకోదగ్గది ఇదే మొదటిది.

అది కార్తీక మాసం. ఆ సోమవారం చేద్దామంది. సోమవారాలు ఆవిడ ఉపవాసం. పొద్దుట నుంచి పచ్చి మంచినీళ్ళు, అంతే. సాయంత్రం దీపం పెట్టి, చుక్క చూశాక ఒక్క పలహారం. ఈసారి ఆ పలహారం ఈ రొట్టె.

మా ఆవిడ పదో తరగతి పాసు. మా ఇద్దరిలో పెద్ద చదువు ఆవిడదే. కళ్ళజోడు పెట్టుకుని పెట్టె వెనక రాతలు చదివింది.

"ఒక గుడ్డు ఎయ్యమన్నారు."

"కార్తీకంలోనా? శివుడి పేరు సెప్పి ఒక పెద్ద గరిటెడు పెరుగెయ్యి."

"వెన్నంట."

"నెయ్యి."

"ఓవెన్లో పెట్టమన్నారు."

మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కరు అడుగున ఉప్పు పరిచి, దాని మీద చిన్న గిన్నె పెట్టి, విజిలు తీసేసి మూత పెట్టడం ఆవిడకి తెలుసు. పక్కింటివాళ్ళు పుట్టినరోజులకి అలాగే కేకులు చేస్తారు. పిండి కలిపింది. పసుపు ముద్దలా ఉంది. వాసన చూశాను. నాకు ఏ వాసనా తగల్లేదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో వంట ఆవిడది, పోపు నాది. సుగంధ దినుసుల మధ్య పెరిగినవాణ్ణి కదా, పోపు ఇంకొకరు పెడితే నాకు తినబుద్ధి కాదు. ఆవిడ పప్పు ఉడికించి, చారు కాచి పక్కన పెడుతుంది. నేను స్నానం చేసొచ్చి మూకుడు పొయ్యి మీద పెడతాను. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఆఖర్న మా కొట్లో ఇంగువ. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ఇంట్లోకి రావు కాబట్టి ఇంగువ రెట్టింపు వేస్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే పద్ధతి. చుట్టాల్లో నా పోపుకి పేరుంది.

"దీనికి పోపెడతాను," అన్నాను.

"రొట్టెకి పోపేటండి? పెట్టి మీద రాయనేదు."

"ఆళ్ళకి తెలిస్తే రాసీవోరే."

పచ్చిమిర్చి కూడా వేసి, ఇంగువ ఘుమఘుమలాడేలా పోపు పెట్టి పిండిలో కలిపాను. ముప్పావు గంటకి కుక్కరు మూత తీస్తే దిబ్బరొట్టెకి పచ్చకామెర్లు వచ్చినట్టు ఒకటి బయటపడింది. పైన రెండు చీలికలు, మధ్యలో ఓ కరివేపాకు.

చుక్క చూసి వచ్చి ఆవిడ పీట మీద కూర్చుంది. టీ గ్లాసు పక్కన పళ్ళెం, పళ్ళెంలో ముక్క. ముంచుకుంది. ముక్క సగం టీలోనే ఉండిపోయింది. మిగతా సగం నోట్లో వేసుకుని నమిలింది. నేను ఎదురుగా కూర్చుని ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ఎలగుంది?"

"రంపప్పొట్టుకి పోపెట్టినట్టుంది."

నేనూ ఒక ముక్క తిన్నాను. ఆవిడ రంపప్పొట్టు పరువు తీసింది. అది ఇంత పొడిగా ఉండదు. కానీ ఆకలి మీద ఆవిడ రెండు ముక్కలు తినేసింది. చెయ్యి కడుక్కుంటూ, "పోపు మాత్రం బాగుందండి," అంది. నేను మీసం సవరించుకున్నాను.

గంట తిరక్కుండా కడుపు పట్టుకుని కూర్చుంది. అంతకుముందెప్పుడూ అంత గట్టిగా రాలేదు. వాము నమిలింది, వేడినీళ్ళు తాగింది, గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. నేను సూపర్ బజారు వాళ్ళ వంశాన్ని మూడు తరాల వెనక్కి తిట్టాను. ఉన్నదాన్ని లేదని రాసి అమ్మారని, పొద్దున్నే వెళ్ళి పెట్టె వాళ్ళ మొహాన కొడతానని అన్నాను. పొద్దున్న లేచేసరికి ఆవిడకి నొప్పి తగ్గింది కానీ ఇంకా పైకప్పు చూస్తూ ఏదో లెక్క చేస్తున్నట్టు పడుకుని ఉంది.

పది గంటలకి కొట్టు ముందు ఆటో ఆగింది. దాంట్లోంచి మా ఆవిడ దిగింది. లక్ష్మీపూజకి తప్ప కొట్టుకి రాని మనిషి. చేతిలో గుడ్డసంచి, కళ్ళకి చదువుకునే జోడు. కొట్లో నలుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళలో లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు, సూపర్ బజారు పాపం కడుక్కోవడానికన్నట్టు రెండు కిలోల కందిపప్పు తూయించుకుంటూ.

ఆవిడ సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి కాటా పక్కన పెట్టింది. రొట్టె పిండి పెట్టె, నూనె ప్యాకెట్టు, నెయ్యి సీసా, ఆవాల ప్యాకెట్టు, ఉప్పు.

"నిన్న చుక్క సూసీదాక నా నాలిక మీద నీళ్ళు తప్ప ఏటీ పడనేదు. అవునా?"

"అవును," అన్నాను.

"తిన్నది ఆ రొట్టొక్కటే. అవునా?"

"అందుకే సూపర్ బజారుకి..."

"ఆగండి. ఆ పెట్టి పొద్దున్న రెండుసార్లు సదివినాను. దాంట్లో గోధుమ నేదు. నూనె సదివినాను, నెయ్యి సదివినాను, ఆవాలు సదివినాను, ఉప్పు కూడా సదివీసినాను. ఒక్కదానికి సదవడానికి రాతే నేదు." సంచి అడుగు నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. మా వంటింటి ఇంగువ. "ఇది మీరు కొట్లో పొట్లాలు కట్టీది. దీని పెద్ద డబ్బా ఏదీ?"

నా వెనక అరలోనే ఉంది. రోజూ మూత తీస్తాను, గరిటెతో తోడి పొట్లాలు కడతాను. మూత వైపు తప్ప దాని ఇంకో వైపు ఎన్నడూ చూడలేదు. తీసి ఇచ్చాను. ఆవిడ కొంగుతో దుమ్ము తుడిచి, డబ్బా వెలుగు కేసి తిప్పింది. వెనకాల ఆవగింజలంత అక్షరాలున్నాయి. ఆవిడ పెదవులు కదులుతున్నాయి.

"గోధుమ పిండి," అంది. "మొట్టమొదటే రాసినారు. దానెనక జిగురంట. ఇంగువ ఆఖర్న ఉంది."

"ఏదీ, ఇలగియ్యమ్మా," అని లెక్కల మాస్టారు డబ్బా అందుకున్నాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చదివాడు. "సావుకారూ, ఇది ఇంగువ కాదయ్యా. ఇంగువ వాసన సూపించిన గోధుమ పిండి."

ఇంగువ అమ్మే ఇంట్లో పుట్టి, ఇంగువలో ఏముందో నాకు తెలీదు. అంతమంది ముందు అది ఒప్పుకోవడం ఇష్టం లేక, "మా నాన్న కాలం నుంచి అమ్ముతన్నాం. కడుపు నొప్పని ఇంతవరకూ ఒక్కరొచ్చి సెప్పనేదు," అన్నాను.

"కడుపు నొప్పొస్తే కొట్టుకొచ్చి సెప్తారేటి? ఆస్పత్రికెల్తారు," అంది ఆవిడ.

నలుగురూ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద. తర్వాత ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "సూసినారు కదా మాస్టారూ. నాను దొంగతనంగా ఏటీ తిననేదు." బియ్యం బస్తా మీద కూర్చుని, కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అద్దాలు ఎప్పుడో శుభ్రమయ్యాయి. ఆవిడ తుడుస్తూనే ఉంది.

పోపు రోజూ పెట్టింది నేను. చారులో, పప్పులో, చట్నీలో, పులిహోరలో. ఏడు నెలలు ఆవిడ గోధుమ మానేసి కూర్చుంటే నేను స్నానం చేసొచ్చి శుచిగా ఆవిడకి గోధుమ పెట్టాను. పెట్టి, నొప్పి వచ్చిందంటే ఎలకల కథ చెప్పాను, డబ్బాకి దారం కట్టాను. ఎప్పుడూ నాలిక చివర ఉండే జోకు ఆ పూట వెతికినా దొరకలేదు.

"మాస్టారూ, అందరూ ఇనండి," అన్నాను. "మా ఆవిడ తిననేదు. నానే పెట్టీసినాను."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "పదండి, ఆటో ఆపండి. ఇంటికెల్లి గిన్నెలన్నీ తోముకోవాలి," అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పోపు జీలకర్రతోనే. కార్తీకం వెళ్ళాక వెల్లుల్లి వచ్చి చేరింది. కొట్లో ఇంగువ పొట్లాల మీద ఒక అట్టముక్క కట్టాను. తెలుగులో, ఒడియాలో 'ఇందులో గోధుమ ఉంది' అని మా ఆవిడే రాసింది. మొదటి వారంలోనే ఒక ముసలమ్మ ఆ అట్ట చదివించుకుని, "గోధుమ కూడా కలిపినారా? అయితే బలం. రెండు పొట్లాలియ్యి," అని పట్టుకెళ్ళింది. చెప్పి చూశాను. వినలేదు.

మాఘం వచ్చేసరికి ఆవిడ గాజులు మణికట్టు దగ్గరే ఆగాయి. మళ్ళీ రక్తం పరీక్ష చేయించాం. డాక్టరు కాగితం చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"బాగా తగ్గింది మౌసీ. ఏం మానేశారు?"

ఆవిడ ఇంగువ సంగతి చెప్పింది. ఉపవాసం, రొట్టె, నూనె, నెయ్యి, డబ్బా, వెనక అక్షరాలు, వరసగా అన్నీ చెప్పింది. డాక్టరు కలం పక్కన పెట్టి విన్నాడు. "ఇది నేనే ముందు చెప్పవలసింది. నాకు తట్టలేదు," అన్నాడు.

నేను ఊరుకోవలసింది. "పోపు నాదే డాక్టరు బాబూ. కానీ రుచికి మాత్రం లోటు సెయ్యనేదు," అన్నాను.

డాక్టరు నవ్వి, వంటింట్లో అంటించుకోమని ఒక తెల్లకాగితం తీసి ఆవిడ తినకూడనివి వరసగా రాయడం మొదలుపెట్టాడు. గోధుమ, మైదా, రవ్వ, సేమ్యా, బార్లీ. కింద పెద్ద అక్షరాలతో ఇంగువ. కలం ఎత్తి, "ఇంకేమైనా ఉందా మౌసీ?" అని అడిగాడు.

మా ఆవిడ నా వైపు ఒకసారి చూసింది.

"ఈయన పేరు కూడా రాసీయండి డాక్టరు బాబూ. పైకి సరుకు బాగానే అగుపిస్తాది. లోపల ఏటి కలిపీసినారో ఎనక్కి తిప్పి సదివితే గాని తెల్దు."